మౌంటెన్ బైక్ మీద గాలికి ఎంత వంగాలి, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీది 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (వెనుక చక్రానికి సస్పెన్షన్ లేని మౌంటెన్ బైక్), హ్యాండిల్‌బార్ వెడల్పు 760 మిల్లీమీటర్లు, తొక్కేది ఎక్కువగా తారు రోడ్డు మీద, గట్టిపడిన మట్టి దారుల మీద. ఎదురుగాలి వీచిన రోజున 22 కిలోమీటర్ల వేగం నిలబెట్టడమే గగనమవుతోంది. రోడ్ సైకిల్ తొక్కేవారిలా మౌంటెన్ బైక్ మీద వంగవచ్చా, వీడియోల్లో కనిపించినట్టు ముంజేతులను బార్ మీద ఆనించడం, దిగుడులో టాప్ ట్యూబ్ (సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఫ్రేమ్ పై గొట్టం) మీద కూర్చోవడం పనికివస్తాయా, ఏరోబార్ (ముంజేతులు ఆనించుకొని ముందుకు చాచడానికి హ్యాండిల్‌కు బిగించే కడ్డీలు) కొనడం మేలా అని అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: గ్రిప్పులను వదలకుండా, చూపుడువేలు బ్రేక్ లీవర్ మీదే ఉంచుకొని, మోచేతులు మడిచి ఛాతీని దించడంలోనే మీకు దక్కగల లాభంలో అధిక భాగం ఉంది. మిగిలిన భంగిమల్లో కొన్ని కొద్ది సేపటికి, కొన్ని ప్రత్యేకమైన ప్రయాణాలకు పనికివస్తాయి, కొన్నింటిని అసలు ముట్టుకోకపోవడమే మంచిది.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఎప్పుడు వంగాలో ఎప్పుడు వంగడం దండగో అందులోనే తేలిపోతుంది. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగపు వర్గాన్ని బట్టి, దాన్ని ఎదిరించడానికి కాళ్లు పెట్టవలసిన వాట్లు వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. శరీరం, సైకిల్ కలిసి గాలికి ఎంత అడ్డుపడతాయో చెప్పే కొలతను సైక్లిస్టులు సీడీఏ అంటారు, దాన్ని చదరపు మీటర్లలో చెబుతారు. వెడల్పాటి బార్ పట్టుకొని చేతులు చాచి నిటారుగా కూర్చున్న మౌంటెన్ బైకర్‌కు అది సుమారు 0.55 ఉంటుంది, అదే మనిషి మోచేతులు మడిచి బాగా వంగితే 0.45 దగ్గరకు రావచ్చు. మనిషి ఒడ్డూ పొడుగును బట్టి ఈ అంకెలు మారతాయి కానీ నిష్పత్తి చాలావరకు ఇలాగే ఉంటుంది. మొత్తం గాలి నిరోధంలో 70 నుంచి 80 శాతం శరీరానిదే, సైకిల్ వాటా మిగిలిన కొద్దిపాటే. కాబట్టి సన్నని చువ్వల కోసమో నున్నని ఫ్రేమ్ కోసమో వెదకడం కంటే మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోవడం లాభం.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోల బరువనుకొని లెక్క వేస్తే, గాలి కదలని రోజున చదునైన దారిలో 22 కిలోమీటర్ల వేగంతో నిటారుగా తొక్కడానికి గాలి పుచ్చుకునేది సుమారు 75 వాట్లు. ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తే, అదే 22 కిలోమీటర్ల వేగానికి అది 213 వాట్లవుతుంది. బొడిపెల టైర్లు దొర్లడానికి మరో 50 వాట్లు కలిపితే 260 పైచిలుకు, అంటే అలవాటు పడిన సైక్లిస్టుకు కూడా ఎక్కువసేపు సాగని శ్రమ. మీ కష్టానికి కారణం కాళ్లలో బలం లేకపోవడం కాదు. అదే గాలిలో వంగి తొక్కితే 213 కాస్తా 174కు దిగుతుంది, దాదాపు 40 వాట్లు చేతికి వచ్చినట్టే. 6 శాతం ఎగుడును 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడైతే బరువును పైకి మోయడానికే 167 వాట్లు పోతాయి, గాలికి పోయేది 12 వాట్లు మాత్రమే. అక్కడ వంగడం వల్ల ఊపిరి ఆడకపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. లేచి కూర్చొని ఛాతీని తెరిచి తొక్కండి.

ఇక అసలు భంగిమ. వంగమనగానే చాలామంది వీపు మధ్యలో గూని పెట్టి తల వేలాడదీస్తారు. అలా చేస్తే గాలికి ఎదురయ్యే ఎత్తు పెద్దగా తగ్గదు, పైగా పది నిమిషాల్లో నడుము పట్టేస్తుంది. వంపు తుంటి దగ్గర మొదలు కావాలి: కటి భాగాన్ని సీటు మీద ముందుకు దొర్లించి, బొడ్డును టాప్ ట్యూబ్ వైపు దించండి, ఆ తరువాత మోచేతులు మడవండి. మోచేతులు సుమారు 90 డిగ్రీలకు వంగి ముంజేతులు నేలకు దాదాపు సమాంతరంగా వచ్చినప్పుడు ఛాతీ తనంతట తానే కిందికి దిగుతుంది. అక్కడ భుజాలను చెవుల వైపు కొద్దిగా ఎత్తి, తాబేలులా తలను వాటి మధ్యకు లాక్కుంటే తల వెనుక ఏర్పడే గాలి సుడి తగ్గుతుంది. చూపు మాత్రం ముందు చక్రం మీద కాకుండా దారి మీదే ఉండాలి. మౌంటెన్ బైక్ హెల్మెట్‌కు ముందు ఉండే వైజర్ ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది: తల దించగానే అది దారిని కప్పేస్తుంది, దాన్ని తప్పించుకోవడానికి మెడను మరింత ఎత్తవలసి వస్తుంది. ఊడదీయడానికి వీలున్న వైజర్ అయితే రోడ్డు ప్రయాణానికి తీసేయండి, వీలు కాకపోతే పూర్తిగా పైకి తిప్పుకోండి.

మోచేతుల దిశ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రాళ్లూరప్పల దిగుడులో మోచేతులు బయటికి తెరిచి ఉంచడం మంచి అలవాటు, కానీ చదునైన దారిలో అవే రెండు తెరచాపలవుతాయి. ఇక్కడ వాటిని మోకాళ్ల వైపు కిందికి వదలండి. 760 మిల్లీమీటర్ల బార్ మీద అవి పూర్తిగా ఒంటికి చేరవు, చేరకపోయినా ఫరవాలేదు. అరచేతులను గ్రిప్ బయటి అంచున కాకుండా లోపలి అంచుకు జరిపి పట్టుకుంటే చెరో వైపూ రెండు వేళ్ల వెడల్పు కలిసివస్తుంది, బ్రేక్ కూడా చేతిలోనే ఉంటుంది. బ్రేక్ లీవర్లు బాగా కిందికి వంచి బిగించి ఉంటే ముంజేతులు సమాంతరమైన వెంటనే మణికట్టు వెనక్కి విరిగి నొప్పి పెడుతుంది. లీవర్ బిగింపు వదులు చేసి దాన్ని కాస్త పైకి, నేలకు సమాంతరానికి దగ్గరగా తిప్పితే ముంజేయి, మణికట్టు, వేలు ఒకే గీతలోకి వస్తాయి. ఈ సవరణకు ఒక అలెన్ కీ, రెండు నిమిషాల సమయం చాలు. వంగలేకపోతున్నామని చెప్పేవారిలో చాలామందికి అడ్డుపడేది నడుము కంటే ఈ మణికట్టే.

ఈ భంగిమలో సులువుగా ఉండాలంటే సైకిల్ ముందు భాగం ఎత్తును కొంత తగ్గించుకోవచ్చు. హ్యాండిల్‌బార్‌ను ఫోర్క్‌కు కలిపే స్టెమ్ కింద సాధారణంగా రెండు మూడు స్పేసర్లు (ఎత్తు కోసం పెట్టే రింగులు) ఉంటాయి. ఒక్కొక్కటిగా, ఒకసారికి 5 లేదా 10 మిల్లీమీటర్ల చొప్పున, కింది నుంచి తీసి స్టెమ్ పైన పెట్టండి. ముందు పై మూత బోల్టు, తరువాత స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. బిగించేటప్పుడు పై మూతతో వదులు పోయేంత మాత్రమే బిగించి, ఆపైన పక్క బోల్టులను స్టెమ్ మీద ముద్రించిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించాలి. ముందు బ్రేక్ పట్టుకొని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఫ్రేమ్ ముందు భాగంలో ఉండే బేరింగులు) దగ్గర టకటకమనకూడదు. బార్ పైకి లేచిన రైజర్ రకం అయితే దాని బదులు ఫ్లాట్ బార్ వేయడం తరువాతి మెట్టు. బార్‌ను కోయించి 720 మిల్లీమీటర్లకు తేవడం కూడా పనిచేస్తుంది కానీ కోసింది తిరిగి అతకదు, కాబట్టి ముందు గ్రిప్పులను, లీవర్లను లోపలికి జరిపి కొన్ని వారాలు తొక్కి చూడండి, మీరు వెళ్లే మట్టి దారుల్లో పట్టు చాలుతోందని నమ్మకం కుదిరాకే రంపం పట్టండి. వంగినప్పుడు మోకాళ్లు పొట్టకు తగులుతున్నా, తుంటి ముందు భాగం నొక్కుకుపోతున్నా సీటును 5 మిల్లీమీటర్లు ముందుకు జరపడం, సీటు ముక్కును ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచడం ఉపశమనం ఇస్తుంది. 175 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్‌ను మోసే చెయ్యి) బదులు 165 వేసుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు అంత ఎత్తుకు లేవదు.

గ్రిప్పులు వదిలి స్టెమ్‌కు ఇరుపక్కలా బార్‌ను పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. భుజాలు ముడుచుకుని చేతులు దగ్గరకు రావడం వల్ల గాలి దృష్ట్యా ఇది గ్రిప్పుల మీది భంగిమకంటే స్పష్టంగా మెరుగైనది. నష్టం రెండు చోట్ల ఉంది. బ్రేకులు అందవు, హ్యాండిల్‌ను తిప్పడానికి చేతికి దొరికే బలం కూడా మూడో వంతో నాలుగో వంతో మాత్రమే మిగులుతుంది. మౌంటెన్ బైక్‌కు ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే దాని ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) రోడ్ సైకిల్ ఫోర్క్ కంటే బాగా ఏటవాలుగా ముందుకు చాచి ఉంటుంది, వేగం తగ్గినప్పుడు ముందు చక్రం పక్కకు ఒరగడానికి చూస్తుంది. ఆ ఒరుగుడును అదుపులో ఉంచేందుకే అంత వెడల్పు బార్ ఇచ్చారు. కాబట్టి దారి ఖాళీగా, నున్నగా, కనుచూపు మేర తెలిసి ఉన్నప్పుడు, పక్కగాలి లేనప్పుడు మాత్రమే అలా పట్టుకోండి; వాహనాల మధ్య, గుంపులో, కంకర మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు వద్దు. ఇదే భంగిమను పదిలంగా వాడుకోవాలంటే ఇన్నర్ బార్ ఎండ్స్ అనే చిన్న కొమ్ములు దొరుకుతాయి. బ్రేక్ లీవర్లకు లోపలి వైపు, సుమారు భుజాల వెడల్పున వాటిని బిగిస్తారు. బొటనవేలు లోపలి నుంచి చుట్టుకోవడం వల్ల గతుకు తగిలినా చెయ్యి జారదు, లీవర్ అమరికను బట్టి ఒక వేలు బ్రేక్‌కు అందుతుంది కూడా. మీరు డబ్బు పెట్టి కొనదలిచిన మొదటి వస్తువు ఇదే కావాలని నా సలహా. బార్ చివర్లలో బిగించే పాతకాలపు కొమ్ములు ఎగుడులో లేచి తొక్కడానికి బాగుంటాయి కానీ చేతులను దూరంగానే ఉంచుతాయి కనుక గాలి విషయంలో వాటివల్ల పెద్ద ప్రయోజనం లేదు.

ముంజేతులను బార్ మీద ఆనించి చేతులను గాలిలో ముందుకు చాచే భంగిమ మీద నాకు సదభిప్రాయం లేదు. గుండ్రని లోహపు గొట్టం మీద చర్మం ఆనడం తప్ప అందులో పట్టు అనేదే లేదు. ఒక చిన్న గుంత తగిలినా ముంజేతులు ముందుకు జారి, ఛాతీ స్టెమ్ మీద పడుతుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2021 ఏప్రిల్ 1 నుంచి రోడ్ రేసుల్లో దీన్నీ, టాప్ ట్యూబ్ మీద కూర్చొని దిగడాన్నీ నిషేధించింది. వాటితోనే బతికే వృత్తి సైక్లిస్టులకే వద్దన్నారంటే, ఫోర్క్ కిందికీ పైకీ ఆడే సైకిల్ మీద మనకు ఎందుకు? ముందు చక్రానికి సరిగ్గా పైన ఫోర్క్ రెండు కాళ్లూ కలిసే చోటును చేత్తో పట్టుకొని వంగేవారు కూడా కనిపిస్తారు. తిరుగుతున్న చక్రానికి వేళ్లు అంగుళం దూరంలో ఉంటాయని గుర్తుంటే ఆ పని ఎవరూ చేయరు.

దిగుడు సంగతి వేరు, అక్కడ పెడల్ తొక్కకుండానే వేగం వస్తుంది. 5 శాతం నున్నని దిగుడులో పైన చెప్పిన 85 కిలోలు నిటారుగా కూర్చుంటే సుమారు 36 కిలోమీటర్ల దగ్గర వేగం స్థిరపడుతుంది. బాగా ముడుచుకొని సీడీఏను 0.38కి తెస్తే 43 దాటుతుంది. ముడుచుకోవడం ఇలా: పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో నేలకు సమాంతరంగా, మోకాళ్లు టాప్ ట్యూబ్‌కు ఆనీ ఆనకుండా లోపలికి, పిరుదులు సీటు వెనుక భాగానికి, గడ్డం స్టెమ్‌కు ఒక జానెడు పైన, చేతులు గ్రిప్పుల మీద, ఒక్కో వేలు బ్రేక్ మీద. డ్రాపర్ సీట్‌పోస్ట్ (తొక్కుతూనే సీటును దించుకోగల కడ్డీ) ఉంటే సగం దించండి, శరీరం మొత్తం కిందికి దిగుతుంది, బరువు కూడా వెనక్కి పోతుంది. దారి గతుకులుగా మారితే ముడుచుకొనే ఉండి పిరుదులను సీటు నుంచి ఒక అంగుళం లేపండి, దెబ్బను మోకాళ్లు తీసుకుంటాయి. అయితే 36 నుంచి 43కు పెరిగిన వేగం అంకెల్లో చిన్నదిగా కనిపించినా, ఆగడానికి పట్టే బ్రేక్ దూరం వర్గంతో పెరుగుతుంది కనుక దాదాపు 45 శాతం ఎక్కువవుతుంది. మలుపుకు చాలా ముందే లేచి కూర్చోండి: నిటారుగా లేచిన ఛాతీయే మొదటి బ్రేక్, అది వేడెక్కదు.

టాప్ ట్యూబ్ మీద కూర్చొనే భంగిమ మౌంటెన్ బైక్ మీద మరింత ప్రమాదకరం. బరువంతా ముందు చక్రం మీదికి జరుగుతుంది, ఆ బరువుకు ఫోర్క్ కూరుకుపోతుంది, వెనుక బ్రేక్ పట్టగానే చక్రం జారుతుంది, కాళ్లు దెబ్బను మింగే స్థితిలో ఉండవు. ఎరిక్ బారోన్ అనే ఫ్రెంచి సైక్లిస్టు 2017లో ఫ్రాన్స్‌లోని వార్స్ మంచు వాలు మీద మౌంటెన్ బైక్‌తో గంటకు 227 కిలోమీటర్లు దాటాడు. ఆ వేగానికి ఆయన వాడింది ప్రత్యేకంగా తయారైన సైకిల్, ఒంటికి అంటుకున్న దుస్తులు, వేగం కోసమే చేసిన హెల్మెట్. అదే మనిషి 2002లో అగ్నిపర్వతపు వాలు మీద సుమారు 172 కిలోమీటర్ల వేగంలో ఉండగా సైకిల్ ముందు భాగం విరిగి పడిపోయాడు.

ఏరోబార్ గురించి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెంలో) అమెరికా సైక్లిస్టు గ్రెగ్ లెమాండ్ ఏరోబార్ వాడి 50 సెకన్ల వెనుకబాటును పూడ్చుకొని 8 సెకన్ల తేడాతో గెలిచినప్పటి నుంచి దాని శక్తి మీద ఎవరికీ అనుమానం లేదు. మౌంటెన్ బైక్ మీద కూడా దానికి చోటు ఉంది: ఉత్తర అమెరికా పర్వతాల వెంట 4,000 కిలోమీటర్లకు పైగా సాగే టూర్ డివైడ్ వంటి, బయటి సాయం లేకుండా సాగే రేసుల్లో హార్డ్‌టెయిల్‌కు ఏరోబార్ బిగించుకోవడం మామూలే. అక్కడ వారికి వేగం ఎంత ముఖ్యమో, రోజుల తరబడి గ్రిప్పుల మీద ఒత్తిడి పడి మొద్దుబారే అరచేతులకు విశ్రాంతి దొరకడం కూడా అంతే ముఖ్యం. మీరు ఒంటరిగా, గంటల తరబడి, వాహనాలు పలచగా ఉన్న దారుల్లో పోయేవారైతే కొనండి. ఒకటి రెండు గంటల ప్రయాణాలకు, ఊళ్ల మధ్య నుంచి పోయే రోడ్లకు వద్దు, బ్రేక్ అందుకోవడానికి చెయ్యి మారవలసిన ఆ క్షణమే అక్కడ అతి ఖరీదైనది. కొనేముందు బార్ మధ్య భాగపు మందం చూసుకోండి. చాలా ఏరోబార్ బిగింపులు 31.8 మిల్లీమీటర్ల బార్‌కు చేసినవి, కొత్త మౌంటెన్ బైకుల్లో ఉండే 35 మిల్లీమీటర్ల బార్‌కు అవి పట్టవు. కార్బన్ బార్ అయితే దాని తయారీదారు అనుమతించాడో లేదో తప్పక తెలుసుకోవాలి. మౌంటెన్ బైక్ టాప్ ట్యూబ్ పొడవు ఎక్కువ కనుక మోచేతి మెత్తలను బార్‌కు వెనుక వైపు, మీ దగ్గరగా బిగించే రకం మీకు నప్పుతుంది.

రోడ్ సైకిల్‌కు ఉండేలా కిందికి వంగిన బార్లు వేసుకోవడం అనే ఇంకో మార్గం కూడా ఉంది. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో అక్కడి సైక్లిస్టు జాన్ టోమాక్ మౌంటెన్ బైక్‌కు రోడ్ సైకిల్ బార్ వేసుకొని దిగాడు, 2024లో అదే దేశపు కీగన్ స్వెన్సన్ లెడ్‌విల్ వంద మైళ్ల మౌంటెన్ బైక్ రేసును అలాంటి సైకిల్ మీదే గెలిచాడు. మన వంటివారికి బ్రేకులు, గేర్ లీవర్లు అన్నీ మార్చవలసి వచ్చే ఆ ఖర్చులో మరో సైకిలే రావచ్చు కనుక దాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

భంగిమ గురించే అడిగినా, టైర్ల మాట చెప్పకపోతే సమాధానం అసంపూర్ణమవుతుంది. గాలి లేని రోజున 200 వాట్లతో తొక్కే మనిషి నిటారుగా, బొడిపెల టైర్లతో గంటకు 27 కిలోమీటర్లు పోతే, వంగితే 28.5కు చేరతాడు; వంగకుండా టైర్లు మాత్రం మార్చి, మధ్యలో నున్నని పట్టీ ఉన్న వేగపు టైర్లు వేస్తే 28.3 వరకు వస్తుంది. రెండూ చేస్తే లాభం కలుస్తుంది. వదులుగా రెపరెపలాడే జాకెట్ బదులు ఒంటికి పట్టిన చొక్కా, వీపు మీది సంచి బదులు ఫ్రేమ్ మధ్యలో ఇమిడే సంచి కూడా పైసా శ్రమ లేకుండా వాట్లు మిగులుస్తాయి.

ఇవన్నీ మీ శరీరానికి ఎంత పనిచేస్తున్నాయో మీరే కొలుచుకోవచ్చు. గాలి నిలకడగా ఉన్న ఉదయాన, వాహనాలు లేని ఒక మోస్తరు దిగుడును ఎంచుకోండి. టైర్లలో గాలి, దుస్తులు, నీళ్ల సీసా మార్చకుండా, ఒకే గుర్తు దగ్గర ఒకే వేగంతో పెడల్ ఆపి, కింద మరో గుర్తు దగ్గర వేగం ఎంతో చూడండి. ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి, మళ్లీ నిటారుగా, మళ్లీ వంగి, ఇలా మార్చి మార్చి చేయాలి. ఒకే భంగిమను వరుసగా చేస్తే మధ్యలో మారిన గాలి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆ తరువాత చదునైన దారిలో అదే భంగిమను మొదట రెండేసి నిమిషాలు పట్టి, మధ్యలో లేచి మెడ తిప్పుకుంటూ, వారాల మీద పెంచుకుంటూ పోండి. మెడ వెనుక కండరాలు కాళ్ల కంటే ఆలస్యంగా అలవాటు పడతాయి. వేళ్లు మొద్దుబారినా, సీటు ముందు భాగంలో తిమ్మిరి వచ్చినా ఓర్చుకోవద్దు. ఒక స్పేసర్‌ను తిరిగి స్టెమ్ కిందికి మార్చండి. ఐదు నిమిషాలకే విడిచిపెట్టవలసి వచ్చే అతి కింది భంగిమ కంటే గంటసేపు నిలిచే ఆ 10 మిల్లీమీటర్ల ఎత్తే మిమ్మల్ని ఎదురుగాలిలో ముందుగా చేరుస్తుంది.